ఎడమ చెవి సాక్ష్యం

షట్టరు ఎత్తడం మేస్త్రీ పని, ఊడవడం తీగలమ్మ పని. ఇద్దరూ అన్నాచెల్లెళ్లు. షాపులో ఇంజను వైపంతా ఆయనది, కరెంటు వైపంతా ఆమెది. దూరాలు తిరిగే పెద్ద మోటారుసైకిళ్లకి మ్యాప్ చూపించే తెరలు, ఫోను చార్జింగు, హ్యాండిల్ పక్కన స్పీకర్లు, హెల్మెట్ లోపల వైర్‌లెస్ సెట్లు, ఏదైనా ఆమె చేతి మీదుగానే ఎక్కాలి. ఆమె వేసిన వైరు వానలో తడిసి ఆగిపోయిందన్న మాట ఇరవై ఏళ్లలో ఎవరూ అనలేదు.

దానికి ఆమె చాదస్తమే కారణం. బ్యాటరీ నుంచి కరెంటు లాగేముందు ఫ్యూజు వేస్తుంది. తాళం తిప్పితేనే సెట్టుకి కరెంటు అందేలా రిలే పెడుతుంది. ట్యాంకు దించి, వైరుని ఫ్రేమ్ వెంట పాకించి, హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి, ఎక్కడా బిగుసుకోవడం లేదని నమ్మకం కుదిరాకే మళ్లీ ట్యాంకు ఎక్కిస్తుంది.

“నీ మొగుణ్ని చేసుకునేటప్పుడు కూడా ఇంత పరీక్ష పెట్టి ఉండవు” అనేవాడు మేస్త్రీ.

“పెడితే చేసుకునేదాన్నా” అనేది ఆమె. ఈమధ్య ఆయన అనడం మానేశాడు, ఆమె బదులివ్వడమూ మానేసింది.

ఆమె చేతితో అమర్చిన సెట్టు ఏదైనా షాపు ఫోనులో ఒక పేరుగా చేరుతుంది. ఆ పేరు ఫోనులో ఉన్నన్నాళ్లూ, ఆ హెల్మెట్ ఎంత దూరంలో ఉన్నా, అందులో వినపడేదంతా ఆమె ఎడమ చెవిలోనూ వినపడుతుంది. మామూలుగా బండి అప్పగించగానే పేరు చెరిపేస్తుంది. ఊరందరి పాటలూ వింటూ కూచుంటే ఇంట్లో పొయ్యి వెలిగేదెప్పుడు? ఇంట్లోవాళ్లు ఉంచమని అడిగితే మాత్రం తిరిగొచ్చేదాకా ఉంచుతుంది.

ఆ పొద్దున మందుల షాపావిడ వచ్చింది. వాళ్లాయన బండేసుకుని వెళ్లి నాలుగు రోజులైంది. ఎక్కడున్నాడో కాస్త చూడక్కా అంది, కూరల ధర అడిగినంత మామూలుగా.

తీగలమ్మ చీపురు ఆపి తల పక్కకి వంచింది. “ఎక్కడో తెలీదు. వాన పడుతోంది అక్కడ. పాడుకుంటున్నాడు.”

“బాగా పాడుతున్నాడా?”

“లేదు.”

“అయితే ఆయనే” అని ఆవిడ నిమ్మళంగా వెళ్లిపోయింది.

తీగలమ్మ మళ్లీ ఊడవసాగింది. ఆ పాట అడుగున, మిగతా అన్ని హెల్మెట్ల అడుగున, పదకొండు నెలలుగా ఆమె చెవిలో నీళ్లు పారుతూనే ఉన్నాయి.

అది కూతురి హెల్మెట్. కూతురు, ఆమె స్నేహితురాలు చెరో బండి మీద కొండల వైపు బయల్దేరారు. వానలు అప్పుడే తగ్గాయి. మలుపు తిరగగానే వాగు పొంగి రోడ్డు మీద పారుతోంది. ముందు వెళ్తున్న స్నేహితురాలు పక్కకి తీసి ఆగింది. వెనకాల వస్తున్న కూతురు ఆగలేదు. స్నేహితురాలి పక్కనుంచే దూసుకుపోయి నీళ్లలో పడింది. మూడోరోజు రెండు మైళ్ల దిగువన మనిషి శవమై దొరికింది. హెల్మెట్ దొరకలేదు. ఆ సెట్టు బ్యాటరీ పదమూడు గంటలకి మించి రాదు. పదకొండు నెలలుగా ఎలా వస్తోందని ఎవరూ అడగలేదు. తల్లి చెవిలో ఉంది కదా, ఉంటుంది అనుకున్నారు.

ఆరోజు పోలీసులు వచ్చి అడిగితే తీగలమ్మ విన్నది విన్నట్టు చెప్పింది. ప్రమాదం జరిగిన సమయానికి ఆమె ఇక్కడే, ఈ బల్ల ముందే, ఒక వైరుకి టంకం పెడుతోంది. చెవిలో పాట వస్తోంది. పాట, ఇంకా పాట, తర్వాత నీళ్లు. మధ్యలో ఎవరి గొంతూ లేదు. స్నేహితురాలు మాత్రం నేను అరిచాను, మూడుసార్లు అరిచాను అంది. ఇద్దరి సెట్లూ జత చేసే ఉన్నాయి. అరిస్తే వినపడి తీరాలి. తీగలమ్మ చెవి ఎన్నడూ తప్పు చెప్పలేదు. కాగితం మీద ‘ముందున్న వ్యక్తి హెచ్చరించలేదు’ అని రాశారు. తీగలమ్మ సాక్షిగా సంతకం పెట్టింది.

దానికి చట్టంలో శిక్షంటూ లేదు. ఊరే వేసింది. ఆ స్నేహితురాలిని అందరూ పొడుగుపిల్ల అంటారు. బడి వెనక మైదానంలో ఆడపిల్లలకి బండి నడపడం నేర్పేది, అదే ఆమె బతుకు. తీగలమ్మ భర్త ఇల్లిల్లూ తిరిగాడు. పక్క మనిషి చస్తుంటే నోరు పెగలని దాని దగ్గరికా మీ పిల్లల్ని పంపేది అని అడిగాడు. ఆయన గొంతెత్తి అడగలేదు. చేతులు కట్టుకుని అడిగాడు. అందుకే ఎవరూ కాదనలేకపోయారు. రెండు నెలల్లో మైదానం ఖాళీ అయింది.

మందుల షాపావిడ వచ్చిన పొద్దునే, పదిగంటలకి, ఆ పొడుగుపిల్ల బండి నెట్టుకుంటూ షాపు ముందుకొచ్చింది.

వెనక సీటు మీద రెండు సంచులు తాళ్లతో బిగించి ఉన్నాయి. మేస్త్రీ చూసి చేతిలో స్పానరు కింద పెట్టాడు. ఈ బండి ఇక్కడ ముట్టుకోం, ఇంకో చోట చూసుకో అన్నాడు. తిరిగాను బాబాయ్, అందరూ ముట్టుకోం అన్నారు అంది ఆ పిల్ల, నేల చూస్తూ.

ఏం కావాలి అని తీగలమ్మ అడిగింది. పదకొండు నెలల తర్వాత ఆ పిల్లతో ఆమె అన్న మొదటి మాట అది.

పొడుగుపిల్ల నెమ్మదిగా చెప్పింది. రెండువేల కిలోమీటర్ల అవతల ఒక డ్రైవింగ్ స్కూల్లో పని దొరికింది, అక్కడ తనెవరో ఎవరికీ తెలియదు. ఇక రాదు. దారి కోసం మ్యాప్ తెర, ఫోను చార్జింగు, హెల్మెట్‌లో మ్యాప్ గొంతు వినపడేలా కొత్త అమరిక కావాలి. ఇంకొకటి కూడా ఉంది. 

“సెట్టు ఆన్ చెయ్యగానే అది నీ కూతురి హెల్మెట్ కోసం వెతుకుతుందత్తా. జత కోసం వెతుకుతున్నాను, జత కోసం వెతుకుతున్నాను అని ఆ మిషను గొంతు చెవిలో చెబుతూనే ఉంటుంది. అరగంటైనా ఆగదు. దాన్ని విడగొట్టు. నీ ఫోనులోంచే అవుతుంది అది.”

విడగొట్టాలంటే షాపు ఫోనులోంచి కూతురి పేరు చెరిపెయ్యాలి. పేరు పోతే చెవిలో నీళ్లు కూడా పోతాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మేస్త్రీ వద్దన్నట్టు తల ఊపాడు. తీగలమ్మ వినిపించుకోలేదు. బండి లోపలికి తోయమంది. జాలితో కాదు. ఈ పిల్ల ఊరు దాటి పోవాలన్నదే పదకొండు నెలలుగా ఆమె కోరిక. అది తన చేతి మీదుగా జరగనీ అనుకుంది.

సీటు విప్పింది. ట్యాంకు బోల్టులు విప్పి, పెట్రోలు గొట్టం ఊడదీసి, ట్యాంకు దించి గోనె మీద పెట్టింది. పాత వైరింగు తనదే. ముడి వేసిన తీరు చూడగానే తెలిసిపోయింది. ఈ బండీ, కూతురి బండీ ఒకే వారంలో, ఇదే చోట, పక్కపక్కన పెట్టుకుని చేసింది. ఆ వారమంతా ఈ ఇద్దరూ ఇక్కడే గోల గోలగా తిరిగారు. ఒకరి హెల్మెట్ ఒకరు పెట్టుకుని, ఒకరు వీధి చివరికి పోయి, వినపడుతోందా వినపడుతోందా అని ఇద్దరూ అరుచుకున్నారు. మేస్త్రీ విసిగిపోయి, మీ ఇద్దరి గొంతులకీ సెట్లెందుకే, రోడ్డు చివరున్న నాకే చెవులు పగుల్తున్నాయి అన్నాడు.

తీగలమ్మ ఆ ఆలోచన పక్కకి నెట్టి వైరు తొక్క ఒలిచింది.

పొడుగుపిల్ల గోడవారనున్న బెంచీ మీద మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని కూచుంది. ఆ ఎత్తు మనిషి అంత చిన్నగా ముడుచుకోవడం తీగలమ్మ ఎప్పుడూ చూడలేదు. తీగలమ్మ గంటసేపు పనిలోనే ఉంది. ఫ్యూజు వేసింది. రిలే బిగించింది. అతుకు మీద గొట్టం తొడిగి వేడి చేస్తే అది ముడుచుకుని వైరుని పట్టేసుకుంది. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూసింది. తెర వెలిగింది.

అప్పుడు, చేతులు తుడుచుకుంటూ, బండినే చూస్తూ అడిగింది.

“ఒక్కసారి అరవలేకపోయావా?”

పొడుగుపిల్ల బెంచీ అంచుకి జరిగింది.

“అరిచాననే అనుకున్నానత్తా.”

“అనుకోవడమేంటి?”

“మొదట్లో గట్టిగా గుర్తుండేది. బండి పక్కకి తీశాను, ఆగవే అని అరిచాను. మూడుసార్లు. గొంతు కూడా బొంగురుపోయింది. కానీ నీ చెవి అబద్ధం చెప్పదు కదా. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదాన్నే. నీకు వినపడలేదన్నావు. అంటే నేను అరవలేదనేగా.” అరచేతులు చూసుకుంది. “భయంతో నోరు పడిపోయి ఉంటుంది. తర్వాత నేనే అరిచినట్టు కల్పించుకుని ఉంటాను. ఇప్పుడైతే గుర్తు తెచ్చుకుంటే నోరు తెరవడం గుర్తొస్తుంది గానీ మాట గుర్తు రావడం లేదు.”

తీగలమ్మ వినాలనుకున్న మాటే విన్నది.  ఫోను తీసుకుని బల్ల దగ్గరికి పోయింది.

ప్రతి సెట్టుకీ ఫోనులో ఒక జాబితా ఉంటుంది. ఒకేసారి రెండు శబ్దాలు వస్తే ఏది పైన, ఏది కింద అని. పైనున్నది మోగుతున్నంతసేపూ కిందిది వినపడదు. ఫోను కాల్, మ్యాప్ గొంతు, పాట, తోటి బండి గొంతు. వేలితో పట్టి పైకీ కిందికీ జరపొచ్చు. తీగలమ్మ దగ్గర దీనికి ఒకటే నియమం. తోటి బండి గొంతు అన్నిటికన్నా పైన. పాట ఎంత హోరుగా మోగుతున్నా తోటి మనిషి నోరు తెరిస్తే పాట తెగాలి. ఇలా ఉంటే విసుగ్గా ఉందని ఎంతమంది గొడవ చేసినా ఆమె మార్చలేదు. అంత ఇష్టమైతే ఇంట్లో కూచుని వినండి అని పంపేసేది. ఇరవై ఏళ్లలో ఒక్క బండికి కూడా మార్చలేదు. ఆరోజు పోలీసులకీ అదే చెప్పింది. నా సెట్లలో అరిస్తే వినపడకపోవడం అనేది ఉండదు అంది.

తీగలమ్మ ఆ పిల్ల సెట్టు జాబితాలో మ్యాప్ గొంతుని రెండో చోటుకి జరిపింది. మొదటి చోటులో తోటి బండి గొంతు అలాగే ఉంది. ఇక విడగొట్టాలి. వెనక్కి వచ్చి పేర్ల వరుసలో కూతురి పేరు వెతికింది. పదకొండు నెలల్లో ఆ పేరుని ఒక్కసారి కూడా తాకలేదు. పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది. సెట్టు అందుబాటులో ఉంది అని దాని అర్థం.

చెరిపేముందు ఒక్కసారి తెరిచి చూద్దామనిపించింది. తెరిచింది.

అన్నిటికన్నా పైన పాట ఉంది. తోటి బండి గొంతు అట్టడుగున ఉంది.

తీగలమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. ఎవరు మార్చారు అనుకుంది. ఈ ఫోను ఇంకెవరి చేతికీ పోదు. అప్పుడు గుర్తొచ్చింది, మెల్లగా, కాలికి దిగిన ముల్లు నొప్పి ఆలస్యంగా తెలిసినట్టు.

బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం. కూతురు ఇదే బల్ల మీదెక్కి కూచుని కాళ్లు ఊపుతోంది. అమ్మా, ఆ పొడుగుది నిమిషానికోసారి ఏదో ఒకటి కూస్తూనే ఉంటుందే, ఇదిగో గుంట, అదిగో లారీ, ఆ గేదె మొహం చూడవే అని. ఇప్పటిదాకా ఒక్క పాట కూడా పూర్తిగా వినలేదు నేను. పాట పైన పెట్టమ్మా, ఈ ఒక్కసారికీ.

బండి మీద పాటలేంటే అంటూనే తీగలమ్మ వేలు పెట్టి జరిపింది. రెండు క్షణాల పని. అప్పుడు పొయ్యి మీద ఏదో ఉందని గుర్తొచ్చి లేచి వెళ్లింది. ఆ తర్వాత జరిగినవాటి కింద అది పూర్తిగా మరుగున పడిపోయింది. ఎవరికీ చెయ్యనిది ఎప్పుడూ చెయ్యలేదనే నమ్మింది. అలా నమ్మి ప్రమాణం చేసినట్టు చెప్పింది.

ఫోను తెర కింద ఎర్ర అక్షరాలతో ‘పేరు చెరుపు’ అని ఉంది. వేలు దానికి అంగుళం దూరంలో ఉంది. ఆ పిల్ల అడిగిందే అది. చెరిపేస్తే జాబితా పోతుంది. ఇంకెవరూ చూడరు. సాయంత్రానికి ఆ పిల్ల ఊరి పొలిమేర దాటుతుంది, అరవలేదనే నమ్ముతూ ముసలిదవుతుంది. ఊరు ఊరులా ఉంటుంది. భర్త కట్టుకున్న చేతులు కట్టుకున్నట్టే ఉంటాయి. తను మందుల షాపావిడకి వాళ్లాయన ఎలా పాడుతున్నాడో చెబుతుంది, ఆవిడ నమ్ముతుంది.

తీగలమ్మ కూచున్న స్టూలు అంచు ఎడమ చేత్తో పట్టుకుంది. 

కుడి చేతి వేలితో అట్టడుగు గీతని పట్టుకుని మెల్లగా పైకి జరిపింది. మ్యాప్ దాటింది. ఫోను కాల్ దాటింది. పాట దాటింది. తోటి బండి గొంతు అన్నిటికన్నా పైకి వచ్చింది. వేలు ఎత్తింది.

చెవిలో నీళ్లు ఆగిపోయాయి.

“ఆగవే!”

తర్వాత ఇంకోటి, ఊపిరందకుండా. “నీళ్లు రోడ్డెక్కాయి, ఆగు, ఆగు!”

మూడోదాంట్లో మాట లేదు. గొంతు చీలిపోయి వచ్చిన అరుపు. అది చాలాసేపు ఉంది. గొంతు ఇంకిపోయేదాకా ఉంది.

తర్వాత మళ్లీ నీళ్లు.

తీగలమ్మ చెవి మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయింది.  తలెత్తేసరికి భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రోజూ ఆ వేళకి అన్నం క్యారేజీ తెస్తాడు. బెంచీ మీద పొడుగుపిల్లని చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ పిల్ల లేచి నిలబడింది, ఎటు పోవాలో తెలియనట్టు.

“ఇది అరిచింది” అంది తీగలమ్మ.



“మూడుసార్లు అరిచింది. నేను విన్నాను.”

“ఎప్పుడు?” అన్నాడు భర్త.

“ఇప్పుడే.”

మేస్త్రీ చేతిలో గుడ్డతో ముందుకొచ్చాడు. పదకొండు నెలల కిందటి అరుపు ఇప్పుడు వినపడటమేంటని ఆయనా అడగలేదు, భర్తా అడగలేదు. చెవి ఆమెది, ఆమె విన్నానంటోంది. భర్త మాత్రం క్యారేజీ బల్ల మీద పెట్టి, చాలా మెల్లగా, మరి మన పిల్లకెందుకు వినపడలేదు అని అడిగాడు.

“పాట కింద పడిపోయింది అరుపు. పాట పైన పెట్టింది నేను. అది అడిగింది, నేను పెట్టాను. మర్చిపోయాను.”

 

భర్త ఆమెని ఏమీ అనలేదు. అంటే బాగుండునని ఆమెకి ఆ తర్వాత చాలా రోజులు అనిపించింది. ఆయన స్టూలు లాక్కుని కూచోబోయి, కూచోకుండా, పొడుగుపిల్ల వైపు తిరిగాడు. పదకొండు నెలల తర్వాత ఆమె మొహంలోకి చూశాడు.

“అరిచావా అమ్మా?”

ఆ పిల్ల పెదవులు ఒకటి రెండుసార్లు కదిలాయి.

“అరిచానంట మావయ్యా” అంది. అని, చేతుల్లో మొహం పెట్టుకుని, బెంచీ మీద కాదు, కింద, ట్యాంకు పక్కన గోనె మీద కూలబడి ఏడ్చింది. చిన్నపిల్ల పోగొట్టుకున్న వస్తువు దొరికినప్పుడు ఏడ్చినట్టు ఏడ్చింది. మేస్త్రీ బయటికి పోయి రోడ్డు చూస్తూ నిలబడ్డాడు.

క్యారేజీ ఎవరూ విప్పలేదు. భర్త చొక్కా చేతులు దించుకుని గుండీలు పెట్టుకున్నాడు. ఎక్కడికి అని తీగలమ్మ అడగలేదు. ముందెక్కిన గుమ్మాలన్నీ మళ్లీ ఎక్కడానికని ఆమెకి అర్థమైంది. ఆరోజు నాలుగు వీధులు తిరిగాడు. అరిచిందని చెప్పాడు, పాట పైన పెట్టింది ఎవరో కూడా చెప్పాడు. రెండోది చెప్పకుండా మొదటిది చెప్పడం కుదరదు. ఒక ఇంట్లో మంచినీళ్లిచ్చారు. ఒక ఇంట్లో తలుపు సగమే తీశారు. కూతుర్ని మళ్లీ పంపుతానని ఒక తల్లి మాత్రం అంది. పొడుగుపిల్ల సాయంత్రం సంచుల తాళ్లు విప్పి, అవతలి ఊరి డ్రైవింగ్ స్కూలుకి రాలేనని ఫోను చేసింది.

సెట్టుని విడగొట్టమంటావా అని తీగలమ్మ అడిగితే, వెతకనీలే అత్తా అంది.

షాపుకి జనం కాస్త తగ్గారు. వచ్చినవాళ్లు బండి తీసుకునేముందు ఫోనులో జాబితా చూపించమంటున్నారు. తీగలమ్మ చూపిస్తోంది. అడగనివాళ్లకి కూడా చూపిస్తోంది. ఇంట్లో భర్తా ఆమే ఒకే గదిలో తింటున్నారు, ఒకే గదిలో పడుకుంటున్నారు. కూతురి పేరు ఇద్దరూ ఎత్తడం లేదు.

ఆ వారం చివర తీగలమ్మ ఒక్కతే పోలీసు స్టేషనుకి వెళ్లింది. రైటరు పాత కాగితం వెతకడానికి మూడు బీరువాలు తీశాడు. దొరికాక దుమ్ము దులిపి, పక్కన కొత్త కాగితం పెట్టుకున్నాడు. ఏం విన్నారు అని అడిగి రాసుకున్నాడు. ఏ తేదీన విన్నారు అని అడిగి, ఆమె చెప్పిన తేదీనే వేసుకున్నాడు. ‘హెచ్చరించలేదు’ అన్న మాటని ఒక్క గీతతో కొట్టేసి, అంచున ‘మూడుసార్లు హెచ్చరించెను’ అని చిన్న అక్షరాలతో రాశాడు.

కింద ఖాళీ చోటు చూపించి కలం ఇచ్చాడు. మళ్లీ ఏదో గుర్తొచ్చి కలం వెనక్కి తీసుకున్నాడు. పోయినసారి సాక్షి అని వేశామమ్మా, ఈసారి కూడా అదే వెయ్యనా, లేక తల్లి అని వెయ్యమంటారా అని అడిగాడు.

“సెట్టు అమర్చిన మనిషి అని వెయ్యండి” అంది తీగలమ్మ.

ఆయన ఒక క్షణం ఆమె వైపు చూసి, అలాగే రాశాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని మొదట్నుంచీ చదువుకుని, సంతకం పెట్టింది.